నెట్ కోచింగా, రీడింగ్ ప్రాజెక్టా, ఎంటీటీఎస్సా: ఎమ్మెస్సీ మ్యాథ్స్ వాళ్లకు వేసవిలో ఏది మేలు?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి ఏడాది పూర్తవుతుందనగా ఓయూ హాస్టల్లోనైనా, హెచ్‌సీయూ క్యాంటీన్‌లోనైనా ఒకటే చర్చ: ఈ సెలవుల్లో ఏం చేద్దాం? చాలామంది నెట్ (లెక్చరర్ అర్హతకూ, రీసెర్చ్ ఫెలోషిప్‌కూ పెట్టే జాతీయ స్థాయి పరీక్ష) కోచింగ్‌లో చేరిపోతారు. రీసెర్చ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఆ వేసవిలో గైడ్ దగ్గర పుస్తకం చదివి బోర్డు మీద వివరించే రీడింగ్ ప్రాజెక్టు, ఎంటీటీఎస్ అనే మ్యాథ్స్ వేసవి శిక్షణ, ఈ రెండింటి తర్వాత కోచింగ్ మూడో స్థానంలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

నెట్ అక్కర్లేదని కాదు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో మంచి ర్యాంకు వస్తే ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. పీహెచ్‌డీ అంటే ఇంట్లో ఒప్పుకోని అమ్మాయికి ఆ డబ్బు పెద్ద అండ. చిక్కంతా ప్రశ్నపత్రంతోనే. మ్యాథ్స్ పేపర్ చివరి భాగమైన పార్ట్ సీలో 60 ప్రశ్నలిచ్చి 20 రాయమంటారు, ఒక్కోదానికి 4.75 మార్కులు. సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే ఆ మార్కులు, ఒక్కటి వదిలేసినా సున్నా. బట్టీ పట్టిన షార్ట్‌కట్‌లు అక్కడ పనికిరావు.

ఒక ఉదాహరణ చూడండి. ఎ4 అనే గ్రూపులో (నాలుగు వస్తువుల ఈవెన్ పర్ముటేషన్లు) 12 ఎలిమెంట్లున్నా, 6 ఎలిమెంట్ల సబ్‌గ్రూప్, అంటే దాని లోపలే ఉండే చిన్న గ్రూపు మాత్రం లేదు. కోచింగ్ నోట్సులో ఇది డబ్బా గీసి రాసిన ఒక్క లైను. ప్రాజెక్టులో అయితే గైడ్ చాక్‌పీస్ చేతికిచ్చి "ఎందుకు లేదో చూపించు" అంటారు. అలాంటి సబ్‌గ్రూప్ ఉందనుకుంటే దాని ఇండెక్స్ 2, అంటే అది మొత్తం గ్రూపులో సగం. అప్పుడు గ్రూపులో ప్రతి ఎలిమెంట్ స్క్వేరూ దాంట్లోనే పడాలి. ప్రతి 3-సైకిలూ (మూడు వస్తువులను చక్రంలా తిప్పే ఎలిమెంట్) మరో 3-సైకిల్‌కి స్క్వేరే. ఎ4లో అవి 8 ఉన్నాయి, ఆరింటిలో ఎనిమిది పట్టవు. ఇంతలో పక్కనున్న సీనియర్ "ఇండెక్స్ 2 అయితే స్క్వేర్ లోపలే ఎందుకు పడాలి?" అంటారు. కోషియంట్ గ్రూప్ దేనికో నిజంగా తెలిసేది ఆ జవాబు వెతుక్కుంటున్నప్పుడే. ఆ తర్వాత పార్ట్ సీలో ఈ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా భయం ఉండదు.

కాకపోతే ప్రాజెక్టు మంచిచెడులు గైడ్ మీదే ఆధారపడి ఉంటాయి. వారానికి రెండుసార్లయినా బోర్డు దగ్గర నిలబెట్టేవాళ్లు దొరికితే అంతకు మించింది లేదు. పుస్తకం పేరు చెప్పి పంపేసేవాళ్లయితే చివరికి మిగిలేది ఎత్తిరాసిన రిపోర్టు. ఒప్పుకునే ముందే సీనియర్లను కనుక్కోండి. సార్‌నో మేడమ్‌నో కలిసేటప్పుడు "మ్యాథ్స్ అంటే ఇష్టం" అని ఊరుకోకుండా ఏ చాప్టర్ దాకా చదివారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. మన డిపార్ట్‌మెంటులో కుదరకపోతే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది. స్టైపెండ్ ఇచ్చి మరో సంస్థలో రెండు నెలలు పనిచేయనిస్తారు.

తెలుగు మీడియం నుంచో, జిల్లా డిగ్రీ కాలేజీ నుంచో వచ్చి క్లాసులో నోరు విప్పడానికి జంకేవాళ్లకు మాత్రం ప్రాజెక్టు కన్నా ముందు ఎంటీటీఎస్ చెప్తాను. 1993లో దీన్ని మొదలుపెట్టిన కుమరేశన్ గారు తర్వాత హెచ్‌సీయూలోనూ ప్రొఫెసర్‌గా పనిచేశారు. అక్కడ డిక్టేషన్ ఉండదు. ప్రశ్న వేసి, మీరు తప్పు చెప్పినా దాన్నే పట్టుకుని ముందుకు తీసుకెళ్తారు. కొన్ని వారాలు అలా గడిపాక ఎవరి ముందైనా ప్రూఫ్ చెప్పగలననే ధైర్యం వస్తుంది. డిగ్రీ వాళ్లకూ అవకాశం ఉంది.

హెచ్‌సీయూలో జరిగే సెమినార్ల సంగతి వేరు. వాటికి వేసవి దాకా ఆగక్కర్లేదు. ఓయూ వాళ్లు తార్నాకలో మెట్రో ఎక్కితే మారకుండా రాయదుర్గం, అక్కడి నుంచి బస్సులో హెచ్‌సీయూ. మొదటి పది నిమిషాలు అర్థమైనా చాలు, ఎవరు దేని మీద పనిచేస్తున్నారో తెలుస్తుంది. రేపు గైడ్‌ను వెతుక్కునేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

నెట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు కాబట్టి కోచింగ్ తీసుకోవాలనుకుంటే ఫైనలియర్‌లో తీసుకోవచ్చు. ఇంటికి వెంటనే జీతం కావాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లు మాత్రం నా మాట పక్కనపెట్టి ముందు నెట్టే చూసుకోండి. మిగతావాళ్లకు అసలు టెన్షన్ తేదీలతోనే. సమ్మర్ ఫెలోషిప్‌కీ, ఎంటీటీఎస్‌కీ దరఖాస్తులు చలికాలంలోనే మొదలవుతాయి, ఏప్రిల్‌లో వెతికితే కోచింగ్ తప్ప ఏదీ దొరకదు. రికమండేషన్ లెటర్ ఎవరు రాస్తారో దసరా సెలవులు అయిపోగానే అడిగి పెట్టుకోండి.