ఆనందపురం దారిలో ఒక నర్సరీ: నారు కళ్ళుమూసుకుని కొనొచ్చు, మిగతావి కళ్ళు తెరిచి

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. కూరగాయ నారు విషయంలో వైజాగ్ చుట్టుపక్కల నేను చూసిన నర్సరీల్లో ఇదే మంచిది, విత్తనాల ప్యాకెట్లు, పురుగుల ఎరల దగ్గరకొస్తే మాత్రం మన జాగ్రత్తలో మనం ఉండాలి. పేరు రాయట్లేదు, రాస్తే కౌంటర్లో కుర్రాడి ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని. ఆనందపురం జంక్షన్ దాటాక హైవే వారన ఉన్నవాటిల్లో ఒకటి, అంతవరకు చాలు.

మాకు పద్మనాభం వైపు 30 సెంట్లు ఉంది. ఎర్ర గరప నేల, చిన్న బోరు, సెలవు రోజుల్లో వెళ్ళి చేసే వ్యవసాయం (ఊళ్ళోవాళ్ళు దీన్ని వ్యవసాయం అని ఒప్పుకోరు, అది వేరే సంగతి). పంచాంగంలో వసంతం చైత్రంలో మొదలవుతుంది గానీ మన తీరంలో కూరగాయలకి సంక్రాంతి వెళ్ళగానే మొదలై, చలి శివశివా అని పోయేసరికే సగం అయిపోతుంది. ఉగాదికి పాదులు పందిరెక్కి ఉండాలి, అప్పుడు నారు వెతుక్కుంటే లాభం లేదు. అందుకే జనవరి ఆఖర్లో వెళ్ళాం.

ఈ నర్సరీ నాకు నచ్చింది అక్కడ అమ్మే వాటివల్ల కాదు, అమ్మనని చెప్పేసిన వాటివల్ల. మా ముందు ఒక జంట కాలీఫ్లవర్ నారు ట్రే మొత్తం అడిగారు. ఓనరు పెద్దాయన, పంచె ఎగ్గట్టుకుని నీళ్ళు కొడుతూనే, "ఇప్పుడెందుకమ్మా, ఎండలు ముదిరితే ఆకులొస్తాయి గానీ పువ్వు గట్టిగా కట్టదు, దసరా ముందు రండి ఇస్తాను" అన్నాడు. చేతిలో ట్రే ఉంది, కొనేవాళ్ళు ఎదురుగా ఉన్నారు, అయినా ఇవ్వలేదు. మాకు టమాటా కూడా కొద్దిగానే ఇచ్చాడు. కారణం కూడా చెప్పాడు, అది వైజాగ్ వాళ్ళందరూ వినాల్సిందే: మనం పగటి ఎండ చూసి, ఇక్కడ విజయవాడంత వేడి లేదు కదా అనుకుంటాం, కానీ టమాటాకి రాత్రి చల్లబడాలి. సముద్రం పక్కన ఏప్రిల్, మే రాత్రుళ్ళు 26, 27 డిగ్రీల కిందకి దిగడమే కష్టం, దాంతో పూత విరగబూస్తుంది, పిందె కట్టకుండా రాలిపోతుంది. మనం ఎరువు తక్కువైందేమోనని ఇంకా వేస్తాం, మొక్క ఇంకా ఆకులు వేస్తుంది. వంగ, బెండ, గోరుచిక్కుడు, ఆనప, బీర, దోస, కాకర పెట్టుకోమన్నాడు, వేసవికి అవే.

నారు నాణ్యత గురించి చెప్పాలంటే, 98 గుంటల ట్రేల్లో కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) పెంచుతారు, తెల్లదోమ దూరకుండా సన్న వలలో. అమ్మే ముందు కొన్నాళ్ళు వల బయట పెట్టి ఎండకి అలవాటు చేస్తారు, చాలాచోట్ల ఈ పని ఎగ్గొడతారు, అందుకే ఇంటికి తెచ్చిన రెండో రోజుకే నారు తల వాల్చేస్తుంది. నేను ఒక మొక్క పైకి లాగి చూపించమంటే విసుక్కోకుండా చూపించారు, వేళ్ళు తెల్లగా, దారాల్లా ఉన్నాయి, గుంట అడుగున చుట్టలు చుట్టుకోలేదు. వంగ, మిరప మొక్క 2 రూపాయల చొప్పున పడింది. నాటినవాటిలో చచ్చిపోయినవి దాదాపు లేవనే చెప్పాలి. పాదు జాతులకి మాత్రం నారు అమ్మడు, వేరు కదిలితే వాటికి నచ్చదు, గుంట తీసి గెత్తం (పశువుల ఎరువు) వేసి గింజ నేరుగా పెట్టుకోమంటాడు.

ఇక్కడివరకు అంతా బావుంది. గింజలు కొనడానికి కౌంటర్ దగ్గరకి వెళ్తేనే చిరాకు. ప్యాకెట్లన్నీ పడమటి ఎండ కొట్టేచోట తాడుకి వేలాడదీశారు. మన ఉక్కకీ తేమకీ తోడు ఆ ఎండ కూడా తగిలితే గింజలో ప్రాణం ఎన్నాళ్ళుంటుంది? ప్యాకెట్ వెనకాల పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం ఉంటాయి, చదవండి. బెండకి కనీసం 65 శాతం, ఆనప, బీర జాతికి 60 శాతం మొలవాలని ప్రమాణం. నేను వేలాడేవి వద్దని లోపలి డబ్బాలోవి అడిగి తీసుకున్నా. బెండలో అర్క అనామిక దొరికింది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం, శంఖు రోగాన్ని (ఆకు ఈనెలు పసుపెక్కే వైరస్ తెగులు) కొంత తట్టుకుంటుందని పేరు. హైబ్రిడ్ కాదు కాబట్టి నాలుగు కాయలు ముదరనిచ్చి గింజ దాచుకోవచ్చు. ఏ ప్యాకెట్ అయినా పది గింజలు తడిబట్టలో చుట్టి మొలకెత్తుతాయో లేదో చూసుకున్నాకే మడిలో వేయండి.

స్టార్ పోయింది ఎరల దగ్గర. కాకర, బీర కాయల్లో పురుగు పెట్టే పండు ఈగకి ఎర బుట్ట అడిగితే కుర్రాడు మిథైల్ యూజినాల్ బిళ్ళ చేతిలో పెట్టాడు. అది మామిడి తోటలో పెట్టేది, పాదుల మీద వాలే ఈగకి కావాల్సింది క్యూ లూర్. అడిగితే "అన్నీ ఒకటేనండీ, ఈగే కదా" అన్నాడు. ఒకటి కాదు బాబూ! తెలియనివాళ్ళు అది కట్టి, కాయలు కుళ్ళిపోతుంటే ఎర పనిచేయట్లేదని తిట్టుకుంటారు. పెద్దాయన వచ్చి మార్చి ఇచ్చాడు, కానీ ఆయన లేని రోజు? ఇంకోటి, సరైన ఎర పెట్టినా అందులో పడేవి మగ ఈగలే, రాలిన పుచ్చు కాయలు ఏరి లోతుగా పాతెయ్యకపోతే ఉపయోగం అంతంతమాత్రమే. ఆ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు.

పూల మొక్కలు కడియం నుంచి లారీలో దిగుతాయి. మొక్క కళగానే ఉంటుంది, తంటా అంతా కవర్లోని గోదావరి ఒండ్రు మట్టితోనే. ఆ జిగురు మట్టిముద్దని అలాగే మా ఎర్రనేలలో పెడితే చుట్టూ తడిసినా ముద్ద లోపల ఇటుకలా ఎండిపోతుంది. నాటేముందు తొట్టిలో ముంచి సగం మట్టి మెల్లగా విప్పుకోవాలి. మల్లెలకి ఇలా చేశాం, చిగుళ్ళు వేస్తున్నాయి.

మామిడి అంట్లు ఇప్పుడు కొనొద్దు, ఆయనే వద్దంటాడు, తొలకరికి రమ్మంటాడు. అప్పుడైనా నేను కొనేది అనుమానమే. సువర్ణరేఖ అని మార్కర్‌తో రాసిన పట్టీలు సగం చెరిగిపోయాయి, ఒకే వరసలో రెండు రకాల ఆకులు కనిపించాయి. కాపుకొచ్చాక గానీ రకం బయటపడని చెట్టుకి ఆ పట్టీని నమ్ముకోవడం నావల్ల కాదు. మునగ మాత్రం పీకేఎం 1 రకం మొక్కలు బావున్నాయి, గింజ నుంచి వచ్చినవే, ఏడాది తిరక్కుండా కాస్తాయి. కొమ్మ పెళుసు కాబట్టి తల తుంచుతూ పొట్టిగా పెంచుకోండి, హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి గాలి సంగతి చెప్పక్కర్లేదు.

ఆదివారం వెళ్తే పెద్దాయనతో మాట్లాడే సందు దొరకదు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. ఫోన్ పే తీసుకుంటారు. నారుకి అట్టపెట్టె అడిగి తీసుకోండి, అడగకపోతే కవర్లో కుక్కేస్తారు.