ఆర్‌సీ కారు షాకుల్లో చవక నూనెలు: మూడు రకాలు పోసి చూశాను

మాది 1/10 సైజు ఆర్‌సీ బగ్గీ, అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ కారు. నేనూ మా తమ్ముడూ వారానికి రెండు మూడు సార్లు మట్టిలో తిప్పుతాం. చక్రాల దగ్గర కుదుపుల్ని ఆపే నూనె గొట్టాలే షాకులు; దుమ్ము లోపలికి చేరి ఆ షాక్ ఆయిల్ తొందరగా నల్లబడుతుంది. ఒక్కో షాక్‌లో పట్టేది కొద్ది మిల్లీలీటర్లే, కానీ నాలుగూ విప్పి కడిగి మళ్లీ నింపుతూ ఉంటే చిన్న సీసా ఎన్నాళ్లో రాదు. అందుకే ఆర్‌సీ కంపెనీల ఆయిల్‌కి బదులు చవకగా దొరికేవి పోసి చూశాను.

మొదటిది బైక్ ఫోర్క్ ఆయిల్, అంటే బైకు ముందు చక్రం షాకుల్లో పోసే నూనె. ఇది తమ్ముడి ఆలోచన. "అక్కా, బైకు బరువునే ఆపుతోంది, మన బొమ్మ కారుకి చాలదా?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. సీసా మీద 10డబ్ల్యూ అని ఉంది, మేం అప్పటిదాకా వాడింది 30 వెయిట్ షాక్ ఆయిల్. కాస్త పల్చన అంతే కదా అనుకున్నాం. చిన్న గట్టు దిగగానే కారు ముందు భాగం బంతిలా ఎగరడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి చూస్తే తెలిసింది, ఆ రెండు నంబర్లకీ అసలు సంబంధమే లేదని. 30 వెయిట్ షాక్ ఆయిల్ దాదాపు 350 సెంటీస్టోక్స్ చిక్కదనం ఉంటుంది. 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ముప్ఫై నలభై మధ్యలో ఉంటుంది. అంటే ఎన్నో రెట్లు పల్చన! వెయిట్ నంబరు ఆర్‌సీ కంపెనీల మధ్యే కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి, అప్పట్నుంచి నేను సెంటీస్టోక్స్ తప్ప ఇంకే నంబరూ చూడటం లేదు.

అసలు నష్టం మూడు వారాల తర్వాత బయటపడింది. షాక్‌లో కదిలే కడ్డీని (షాఫ్ట్) నొక్కితే లోపలికి వెళ్లి అక్కడే ఇరుక్కుంటోంది. విప్పితే నూనె కారకుండా ఆపే ఎర్రటి ఓ-రింగులు ఉబ్బి మెత్తబడి ఉన్నాయి. ఫోర్క్ ఆయిల్ పెట్రోలియం నూనె. మా కిట్‌లో వచ్చినవి సిలికాన్ రబ్బరు రింగులు, అవి ఆ నూనెని పీల్చుకుని ఉబ్బుతాయి. నైట్రైల్ అనే ఇంకో రబ్బరు రింగులైతే తట్టుకునేవి. నాలుగు షాకులకీ సీళ్లు మార్చాల్సి వచ్చింది, నూనె మీద మిగిల్చిన డబ్బంతా అక్కడే పోయింది. కుట్టు మిషన్ నూనె, బేబీ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ సంగతీ ఇంతే. పైగా పెట్రోలియం నూనెలు వేడెక్కితే సిలికాన్ కంటే చాలా ఎక్కువగా పల్చబడతాయి. ఉదయం చేసిన సెట్టింగు మధ్యాహ్నానికి ఉండదు. బ్రేక్ ఫ్లూయిడ్ జోలికి మాత్రం అసలు వెళ్లకండి. అది నీళ్లలా పల్చన, రంగుని కూడా తినేస్తుంది.

రెండోది ట్రెడ్‌మిల్ బెల్టు కింద వేసే ఆయిల్. సీసా మీద 100 శాతం సిలికాన్ అని ఉంటే దాన్ని ధైర్యంగా పోయొచ్చు. మా రింగులకి ఏమీ కాలేదు. ఇబ్బంది ఒక్కటే, మేం కొన్న సీసా మీద చిక్కదనం ఎంతో రాయలేదు. దాన్ని నేనే కొలిచాను. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజీ, ప్లంజర్ తీసేసి, నిలువుగా పట్టుకుని, 10 గీత నుంచి 2 గీత దాకా దిగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో టైమర్ పెట్టడం. అంతే. తన బరువుతో తనే కారే నూనెకి పట్టే సమయం సెంటీస్టోక్స్‌కి తగ్గట్టే పెరుగుతుంది. మా దగ్గర మిగిలిన 350 ఆర్‌సీ ఆయిల్‌కి 175 సెకన్లు పట్టింది, ట్రెడ్‌మిల్ ఆయిల్‌కి 130. అంటే సుమారు 260. ముందు షాకులకి పల్చన, వెనక్కి పర్వాలేదు. అయితే అదే కంపెనీ రెండో సీసా 98 సెకన్లలోనే కారిపోయింది! ఒక సీసాకీ ఇంకో సీసాకీ ఇంత తేడా ఉంటే దాన్ని నమ్మి సెట్టింగ్ చేయలేం. స్ప్రే డబ్బాల్లో వచ్చే సిలికాన్ వేరు, అందులో ద్రావకం కలుస్తుంది, షాకుకి పనికిరాదు.

మూడోది నాకు బాగా తెలిసిన వస్తువు. నేను కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను, అక్కడ ఆయిల్ బాత్‌లో (ఫ్లాస్కుల్ని వేడి చేయడానికి ఉంచే వేడి నూనె గిన్నెలో) వాడేది సిలికాన్ ఆయిలే. ఆర్‌సీ షాక్ ఆయిల్ కూడా దాదాపు అదే పదార్థం. సరఫరాదారు దగ్గర 350 ఒక లీటరు, 1000 ఒక లీటరు కొన్నాను. సీసా మీద నంబరు స్పష్టంగా ఉంది, సిరంజీ పరీక్షలోనూ తేడా రాలేదు. ముందు షాకులకి 500 కావాలి కాబట్టి రెండు వంతుల 350లో ఒక వంతు 1000 కలిపాను. మామూలు సగటు తీస్తే 567 వస్తుంది, కానీ నూనెలు అలా కలవవు, పల్చటిదే ఎక్కువ లాగేస్తుంది. లాగరిథమ్ లెక్క ప్రకారం 497 రావాలి. సిరంజీలో 247 సెకన్లు పట్టింది, అంటే 494. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. కలిపిన నూనెని ఒక రాత్రి కదపకుండా ఉంచితే బుడగలు పోతాయి. ల్యాబ్ బాత్‌లో వేడి చేసి వాడేసిన ఆయిల్ మాత్రం ఊరికే వచ్చినా తెచ్చుకోకండి. ఎక్కువ వేడి తగిలి తగిలి అది జెల్‌లా తయారవుతుంది.

ఇంకో జాగ్రత్త. బాడీకి పెయింట్ వేసే చోట సిలికాన్ సీసా తెరవొద్దు. ఒక్క వేలిముద్ర పడ్డా అక్కడ రంగు పట్టదు, గుంటలు పడతాయి. టైర్లు అంటించేటప్పుడూ అంతే.

నెలకోసారి కారు తీసేవాళ్లకి కంపెనీ సీసానే మేలు, లీటరు కొంటే ఏళ్ల తరబడి అలమరలోనే ఉంటుంది. మాలా వారం వారం షాకులు విప్పేవాళ్లయితే ల్యాబ్ సిలికాన్ కొనండి. చేతికీ, ట్రాక్ మీదా కంపెనీ ఆయిల్‌తో నాకు తేడా తెలియలేదు.

ఇప్పుడు ముందు 500 మిశ్రమం, వెనుక 350 నడుస్తున్నాయి. నాలుగు నెలలైంది, రింగులు గట్టిగా ఉన్నాయి. కుడి వెనుక షాక్ మాత్రం కొంచెం చెమ్మగిల్లుతోంది. అది నూనె తప్పు కాదు, షాఫ్ట్ మీద రాయి గీసిన గీత ఉంది. ఈ ఆదివారం తమ్ముడు దాన్ని మారుస్తానన్నాడు.