ఫోమ్ జాకెట్టా, గాలి జాకెట్టా? కొన్నేళ్ళ వాడకం తర్వాత

పోల్చి చూసినవి మూడు లైఫ్ జాకెట్లు. షికారు పడవల్లో ఇచ్చే మూడు బకిళ్ళ నారింజ రంగు ఫోమ్ జాకెట్ ఒకటి, కయాక్ మీద వేసుకునే 50 న్యూటన్ల వెస్ట్ ఒకటి, నీళ్ళలో పడగానే దానంతటదే ఉబ్బే 150 న్యూటన్ల గాలి జాకెట్ మరొకటి. వాడింది ఎక్కువగా గోదావరి పాయల్లో, కృష్ణమీది జలాశయాల్లో.

ముందు లేబుల్ చదవండి. పది న్యూటన్లంటే సుమారు కిలో బరువును నీటిపైన నిలిపే బలం. పెద్దవాళ్ళ తల పైన ఉండటానికి మూడు నుంచి అయిదు కిలోల దన్ను చాలు కాబట్టి 50 సరిపోతుందని అమ్మేవాళ్ళు అంటారు. అది ఈతొచ్చి, స్పృహలో ఉండి, ఒడ్డుకు దగ్గర్లో ఉన్నవాళ్ళ మాట. బోర్లా పడి స్పృహ తప్పినవాళ్ళను ఆ వెస్ట్ వెల్లకిలా తిప్పదు. ఈత రానివాళ్ళకు మెడ వెనక కాలర్ ఉన్న ఫోమ్ జాకెట్, 100 కానీ 150 కానీ కొనండి. కయాక్‌లో తెడ్డు వెయ్యడానికి మాత్రం 50 వెస్టే హాయి, చంకల దగ్గర ఒరుసుకోదు.

నా లెక్కలో న్యూటన్ల కన్నా బిగింపే ముఖ్యం. స్ట్రాపులన్నీ వదులు చేసి తొడుక్కోవాలి, జిప్ వెయ్యాలి, ముందు నడుము స్ట్రాపు బిగించి పైకి రావాలి, భుజాలవి చివర్న. తర్వాత చేతులు పైకెత్తి, పక్కవాళ్ళను జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనాలి. గడ్డానికో చెవులకో తగిలిందంటే అది మీ సైజు కాదు. నీళ్ళలో అంతకన్నా ఎక్కువే జరుగుతుంది: జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. నైలాన్ స్ట్రాపు తడిస్తే కాస్త సాగుతుంది కాబట్టి తడిశాక మళ్ళీ బిగించాలి. స్ట్రాపు చివర మడిచి కుట్టించండి, లేకపోతే బకిల్‌లోంచి జారి వచ్చేస్తుంది. చవక జాకెట్లలో మొదట పోయేది ఇదే.

పిల్లలకు వయసు చూసి కాదు, లేబుల్ మీది బరువు చూసి కొనాలి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే స్ట్రాపు లేనిది వద్దు. "ఏడాదిలో ఎదుగుతాడుగా" అని పెద్దది కొనడం చొక్కాల విషయంలో నడుస్తుంది, ఇక్కడ నడవదు. చీర కట్టుకున్నవాళ్ళు కొంగును నడుం చుట్టూ తిప్పి దోపి, దానిమీద జాకెట్ వేసుకోవాలి. చున్నీ తీసి సంచిలో పెట్టెయ్యడమే మేలు, అది బకిల్‌లో ఇరుక్కుంటుంది.

ఫోమ్ పాడయ్యేది నీళ్ళవల్ల కాదు. దాన్ని దిండులా కింద వేసుకుని కూర్చోవడం, ఎండలో కారు డిక్కీలో వదిలెయ్యడం, బరువుల కింద పెట్టడం: ఈ మూడే దాని ప్రాణం తీస్తాయి. బొటనవేలితో నొక్కి చూడండి, సొట్ట తిరిగి లేవకపోతే అనుమానించాలి. పక్కాగా తేల్చాలంటే జాకెట్‌ను అరగంట నీళ్ళలో ముంచి, బట్టలో చిక్కిన గాలి పోయాక, అయిదు కిలోల ఇనప తూకంరాయి కట్టి వదలండి. ఆ ఇనుము నీళ్ళలో దాదాపు 4.3 కిలోలే తూగుతుంది. 50 న్యూటన్ల జాకెట్ దాన్ని మోస్తూ తేలాలి, మునిగితే పని అయిపోయినట్టే. మామూలు రాయి కడితే లెక్క తప్పుతుంది, అది నీళ్ళలో మూడో వంతుకు పైగా తేలికవుతుంది. వాడాక మంచినీళ్ళతో కడిగి నీడలో వేలాడదీయండి. వరద నీటి ఒండ్రు బకిల్‌లో గట్టిపడితే పాత టూత్‌బ్రష్ చాలు. వాషింగ్ మెషిన్, బ్లీచింగ్, కిరసనాయిలు వద్దు.

ఇక గాలి జాకెట్. ఎండాకాలంలో ఒంటిమీద ఉన్నట్టే ఉండదు, అందుకే తియ్యబుద్ధి కాదు. దాని గొప్పంతా అక్కడే. కానీ పనులెక్కువ. 150 రకంలో సాధారణంగా 33 గ్రాముల గ్యాసు సిలిండర్ ఉంటుంది. కదలికలకు దాని మర వదులవుతుంది, ఎక్కేముందు ప్రతిసారీ చేత్తో బిగించి చూడాలి. సిలిండర్ మీద చెక్కిన మొత్తం బరువుకూ మీ తూకానికీ తేడా వస్తే మార్చెయ్యండి. నీళ్ళకు మాత్ర కరిగితే సిలిండర్ తెరుచుకునే రకం వానాకాలపు చెమ్మకే ఉబ్బిన సందర్భాలున్నాయి. నీటి ఒత్తిడికి తెరుచుకునే రకం ఖరీదెక్కువ, అయినా మన తేమకు అదే నయం. ఏడాదికోసారి నోటి గొట్టంతో ఊది రాత్రంతా ఉంచండి, పొద్దున్నకి మెత్తబడితే కారుతున్నట్టు. రెయిన్‌కోటు కింద వేసుకోకూడదు, ఉబ్బినప్పుడు పక్కటెముకలు నొక్కుకుపోతాయి. పిల్లలకూ ఈత రానివాళ్ళకూ ఇది ఇవ్వను, వాళ్ళకు ఫోమే.

ఒక్క మెలిక ఉంది, దీన్ని పడవవాళ్ళు చెప్పరు. పాపికొండల షికారు బోట్లలో ఉన్నట్టు అద్దాల కిటికీలు, పైకప్పు ఉన్న గదిలో ఉండగా పడవ తిరగబడితే ఏ జాకెట్ అయినా మనిషిని పైకప్పుకు అంటించేస్తుంది, మునిగి గుమ్మంలోంచి బయటపడనివ్వదు. ఉబ్బిన గాలి జాకెట్ ఇంకా అడ్డం. జాకెట్ వేసుకుని పైన తెరిచి ఉన్న డెక్ మీదో, గుమ్మం పక్కనో కూర్చోండి.

పనికిరాని జాకెట్‌ను పారేసేముందు స్ట్రాపులన్నీ కత్తిరించండి. లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని మళ్ళీ పడవలో వేలాడదీస్తారు.