పాత ఫర్నిచర్ వదిలించుకోవడానికి డంప్‌స్టర్ అద్దె: ష్రూస్‌బరీలో మా అనుభవం

మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో చాలా కాలంగా ఒకే ఇంట్లో ఉంటున్న మేము, బేస్‌మెంట్‌లో పేరుకుపోయిన పాత ఫర్నిచర్‌ను తీసివేయడానికి ఈ వేసవిలో ఒక స్థానిక సంస్థ నుంచి 15 ఘన గజాల రోల్-ఆఫ్ డంప్‌స్టర్‌ను, అంటే లారీ మీద తెచ్చి దించి, నిండాక తీసుకుపోయే పెద్ద ఇనుప చెత్తపెట్టెను అద్దెకు తీసుకున్నాము. చెప్పిన రోజున తెచ్చి, చెప్పిన రోజున తీసుకువెళ్లారు. ఇంటికి, వాకిలికి ఏ నష్టమూ జరగలేదు. మళ్లీ అవసరమైతే అదే సంస్థను పిలుస్తాను. అయితే బుక్ చేసేటప్పుడు చెప్పిన ధరకూ, చివరికి చేతికి వచ్చిన బిల్లుకూ మధ్య ఉన్న తేడా వల్ల పూర్తి మార్కులు వేయలేకపోతున్నాను. ఆ తేడా ఈ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు కాబట్టి పేరు చెప్పడం కన్నా, ఈ లెక్క ఎలా నడుస్తుందో వివరించడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను.

ముందుగా సైజు విషయం. ఇళ్లకు ఇచ్చే డంప్‌స్టర్లు సాధారణంగా 10, 15, 20, 30 ఘన గజాల్లో దొరుకుతాయి. 15 ఘన గజాలంటే 405 ఘనపుటడుగులు. అద్దెలో కొంత బరువు కలిసే ఉంటుంది. మాకు 2 టన్నులు, అంటే 4,000 పౌండ్ల వరకు అనుమతించారు. అంతకు మించితే టన్ను లెక్కన అదనంగా వసూలు చేస్తారు. ఇంటి పైకప్పు పెంకులో, మట్టో, కాంక్రీటు ముక్కలో వేసేవారికి పెట్టె సగం నిండకముందే బరువు హద్దు దాటిపోతుంది కాబట్టి వారు మొదట చూసుకోవలసింది బరువు. ఫర్నిచర్ విషయంలో ఇది తలకిందులవుతుంది. సోఫాలు, కుర్చీలు, అల్మరాలు చోటు ఆక్రమించినంతగా బరువు తూగవు, అందువల్ల ఎక్కువ బరువుకు అనుమతి ఉందని చెప్పి పెద్ద ప్యాకేజీ అంటగట్టబోతే దానికి ఒప్పుకోనవసరం లేదు. ఫోన్‌లో మాట్లాడిన ఆమె ఏయే వస్తువులు ఉన్నాయో ఓపికగా అడిగి తెలుసుకుని, 20 గజాలది మీకు అక్కర్లేదని తానే చెప్పడం నాకు బాగా నచ్చింది.

మసాచుసెట్స్‌లో 6 ఘన గజాలు, అంతకు మించిన డంప్‌స్టర్ పెట్టాలంటే ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ నుంచి పర్మిట్ తీసుకోవాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు. కొన్ని సంస్థలు ఆ పని ఇంటివారికే వదిలేస్తాయి; మాకు వచ్చిన సంస్థ తానే పర్మిట్ తెచ్చి, ఆ రుసుమును బిల్లులో విడిగా చూపించింది. పెట్టెను డ్రైవ్‌వేలో కాకుండా రోడ్డు మీద పెట్టదలచుకుంటే దానికి ఊరి అనుమతి వేరే కావాలి, హెచ్.ఓ.ఏ. (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో వారి నిబంధనలు కూడా చూసుకోవాలి.

పెట్టెను దించిన తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనితనం అక్కడే తెలుస్తుంది. డ్రైవర్ లారీ దిగి ముందుగా పైనున్న కరెంటు తీగలను, చెట్టు కొమ్మలను చూశాడు. పెట్టెను జార్చడానికి లారీ వెనక భాగం ఏటవాలుగా పైకి లేస్తుంది కాబట్టి అది తప్పనిసరి. తరువాత గ్యారేజీ గోడ నుంచి దూరం కొలిచి, పెట్టె ఇనుప చక్రాలు ఆనే చోట మందపాటి చెక్క పలకలు పరిచాడు. వెనక చక్రాలు పలకల మీద ఆనగానే లారీని అంగుళం అంగుళం ముందుకు కదిలిస్తూ పెట్టెను కిందికి వదిలాడు. ఎండకు మెత్తబడిన తారు మీద ఆ పలకలు లేకపోతే చక్రాల గుంటలు శాశ్వతంగా ఉండిపోతాయి. బుక్ చేసేటప్పుడు పలకలు వేస్తారా అని అడిగి, వేస్తామని రాతపూర్వకంగా చెప్పించుకోవడం మంచిది.

ఈ పెట్టెకు వెనకవైపు తలుపు ఉంటుంది. అందువల్ల బరువైన డ్రెస్సర్లను, మంచం చట్రాలను గోడల మీదుగా ఎత్తి వేయనవసరం లేకుండా లోపలికి నడిచి వెళ్లి పెట్టవచ్చు. తలుపు దగ్గర చోటు మూసుకుపోకముందే పెద్ద వస్తువులన్నీ చివరి గోడ దాకా చేరాలి. ఫర్నిచర్‌ను విడదీయకుండా వేస్తే అద్దె కట్టేది గాలికే. రిక్లైనర్ కుర్చీ వీపు వెనక గుడ్డను పైకెత్తి చూస్తే చాలావాటికి రెండు పక్కలా చిన్న ఇనుప మీటలు కనిపిస్తాయి. వాటిని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే వీపు భాగం మొత్తం ఊడి చేతికి వస్తుంది, ఒక్క మనిషి కదల్చలేని కుర్చీ ఇద్దరు సునాయాసంగా మోయగల రెండు ముక్కలవుతుంది. పుస్తకాల అల్మరాలకు వెనక అట్టను ఊడదీసి పక్కపలకలను ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎంతో చోటు మిగిలింది. సామాను పెట్టె అంచును దాటకూడదు. దాటితే పైన టార్పాలిన్ కప్పడం కుదరదు, డ్రైవర్ తీసుకువెళ్లడానికి నిరాకరించవచ్చు. రాత్రిళ్లు మనం కూడా ఒక టార్పాలిన్ కప్పి ఉంచాలి. సోఫా స్పాంజీ, పాత తివాచీలు వాన నీటిని పీల్చుకుంటే ఆ నీటి బరువుకు కూడా డబ్బు కట్టవలసి వస్తుంది.

ఇక బిల్లు దగ్గరికి వస్తాను. అద్దె 500 డాలర్ల పైచిలుకు, పర్మిట్ రుసుము అదనం. ఇంతవరకు ముందే చెప్పారు. బరువు కూడా హద్దులోపే ఉంది, లారీని కాటా వేసిన చీటీని అడగకుండానే జత చేశారు. తేడా వచ్చింది పరుపుల దగ్గర. 2022 నవంబరు 1 నుంచి మసాచుసెట్స్‌లో పరుపులను, బాక్స్ స్ప్రింగులను (పరుపు కింద ఆధారంగా వేసే స్ప్రింగుల చట్రాలను) మామూలు చెత్తతో పాటు పారవేయడం నిషేధం. వాటిని రీసైక్లింగ్‌కు పంపాలి. నిబంధన సరైనదే, పరుపుల్లోని ఉక్కు, స్పాంజీ, కలప, బట్ట చాలావరకు తిరిగి వాడుకోదగినవే. సంస్థ వాటిని విడిగా తీసుకువెళ్లడానికి ఒప్పుకుంది, ఒక్కొక్కదానికి రుసుము ఉంటుందని కూడా చెప్పింది. కానీ పరుపు, దాని కింది బాక్స్ స్ప్రింగు రెండూ వేర్వేరు వస్తువులుగా లెక్కకు వస్తాయని మాత్రం ఎక్కడా చెప్పలేదు, వారు పంపిన ఒప్పంద పత్రంలోనూ లేదు. దానితో ఆ రుసుము మేము అనుకున్నదానికి రెట్టింపైంది. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు గాని తగ్గించలేదు. పరుపుల ధరల పట్టికను బుకింగ్ సమయంలోనే ఇవ్వడం ఏ సంస్థకైనా కష్టమైన పని కాదు. అలాగే పాత పిక్చర్ ట్యూబు టీవీలు ఈ రాష్ట్రంలో 2000 సంవత్సరం నుంచి చెత్తలో నిషిద్ధం. ఫ్రిజ్‌లు, టైర్లు, రంగు డబ్బాలు, బ్యాటరీలు కూడా ఈ పెట్టెలో వేయకూడదు.

ధరలు ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. ఈ రాష్ట్రంలో చెత్త పూడ్చే స్థలాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా పక్కనున్న మిల్‌బరీలో ఉన్నటువంటి, చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రాలకు చాలా భాగం వెళుతుంది, మరికొంత ఇతర రాష్ట్రాలకు తరలిపోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 2018లో దేశంలో 1 కోటి 21 లక్షల టన్నుల ఫర్నిచర్, గృహాలంకరణ సామగ్రి చెత్తగా మారగా, అందులో 80 శాతం మట్టిలో పూడ్చారు. పాత సామాను కొంటామంటూ వీధిలో అరుచుకుంటూ వచ్చే బండికి ఎంతో కొంత ధరకు అమ్మే అలవాటు ఉన్న మా అత్తగారికి, పారేయడానికి మనమే ఎదురు డబ్బు కట్టడం ఎంతమాత్రం మింగుడు పడలేదు. ఆవిడ బాధలో న్యాయముంది.

అందుకే డంప్‌స్టర్ రాకముందే, వాడదగినవాటిని వేరు చేయాలని గట్టిగా చెబుతాను. గట్టి కలపతో చేసిన బల్లలను, మరకలూ చిరుగులూ లేని సోఫాలను పేదలకు ఇళ్లు కట్టించే స్వచ్ఛంద సంస్థ హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వారి రీస్టోర్ దుకాణాలు తీసుకుంటాయి, చాలాచోట్ల ఇంటికి వచ్చి ఉచితంగా పట్టుకెళతాయి కూడా. మా భోజనాల బల్ల, చదువుకునే బల్లలు మాత్రం వూస్టర్‌లో కొత్తగా ఎం.ఎస్.లో చేరిన మన తెలుగు విద్యార్థులకు చేరాయి. ఆగస్టులో వాళ్లు ఖాళీ అపార్ట్‌మెంట్లలో దిగుతారు; వారి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వ్యాన్ వేసుకుని వస్తారు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు అల్మరాలను మాత్రం ఎవరికీ ఇవ్వలేము. ఒకసారి విప్పితే స్క్రూలు మళ్లీ పట్టవు. డంప్‌స్టర్ అవసరం నిజంగా అలాంటివాటికే.

ఒకటి రెండు వస్తువులే ఉన్నవారికి ఈ ఖర్చు దండగ. చెత్త సేకరించే వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీ వారి బ్యాగ్‌స్టర్ అనే సంచి 3 ఘన గజాలు, 3,300 పౌండ్ల వరకు పడుతుంది, కానీ అది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పే కాబట్టి విడదీసిన సామానుకే పనికొస్తుంది. మోయలేని పెద్దవారికి, మెట్లు ఇరుకైన ఇళ్లకు, మనుషులను కూడా పంపి సామాను వారే మోసుకుపోయే జంక్ రిమూవల్ సేవే నయం, ధర ఎక్కువైనా సరే. సహాయానికి మనుషులుండి, ఒక బేస్‌మెంట్ నిండా సామాను ఉండి, రెండు మూడు వారాంతాలు నిదానంగా పని చేసుకోగలిగినవారికి 15 గజాల డంప్‌స్టర్ సరిగ్గా సరిపోతుంది. మా సంస్థకు ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. పరుపుల రుసుము ఒప్పంద పత్రంలోకి ఎక్కితే ఆ ఐదోది కూడా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.