చిట్టెలుకల ఇమ్యునాలజీకి క్లోఫజిమిన్ పొడి: మందు మంచిదే, చిక్కంతా రంగుతోనే

కుష్ఠు మందుల్లో రోగనిరోధక వ్యవస్థ మీద ప్రభావం చూడటానికి పరిశోధనశాలలు ఎక్కువగా తెప్పించుకునే వాటిలో క్లోఫజిమిన్ ఒకటి. డబ్బా మూత తీయగానే ముదురు ఎరుపు పొడి కనిపిస్తుంది. తూకం వేసే పళ్లెం, గ్లవ్స్, బల్ల, అన్నిటికీ అంటుకుంటుంది. కాబట్టి బల్ల మీద ముందే కాగితం పరవాలి.

నీళ్లలో ఇది దాదాపు కరగదు. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కాస్త కరిగినా, దాన్ని ఆమ్లత్వం మారకుండా ఉంచే నీటి ద్రావణమైన బఫర్‌లో కలపగానే రవ్వలుగా విడిపోతుంది. నోటి ద్వారా ఇవ్వడానికి సస్పెన్షనే (కరగని పొడిని ద్రవంలో సమంగా కలిపి ఉంచడం) మేలు. కిలోకు 25 మి.గ్రా. మోతాదు అనుకుంటే, 20 గ్రాముల చిట్టెలుకకు 0.5 మి.గ్రా. మందు 0.2 మి.లీ.లో వెళ్లాలి. అంటే మి.లీ.కి 2.5 మి.గ్రా. పది చిట్టెలుకలకు 2 మి.లీ. చాలు, వృథా పోయేది కలుపుకుని 3 మి.లీ.కి 7.5 మి.గ్రా. తూచుకోవాలి. పొడిని కల్వంలో మెత్తగా నూరి, 0.5 శాతం సీఎంసీ (ద్రవాన్ని చిక్కబరిచే సెల్యులోజ్ పదార్థం) ద్రావణం నాలుగు చుక్కలే వేసి ముద్ద చేయాలి. ఆ తర్వాతే మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. ఒకేసారి పోస్తే పొడి తడవక పైన తేలుతుంది. ప్రతి చిట్టెలుకకూ ముందు గొట్టాన్ని కలియదిప్పాలి. లేకపోతే మందు అడుగుకు దిగి, ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అందుతుంది.

అసలు సంగతి వ్యవధిలో ఉంది. రెండు వారాలు ఇచ్చి ఆపిన ప్రయోగాన్నీ ఎనిమిది వారాలు తినిపించిన ప్రయోగాన్నీ ఒకే గాటన కట్టకూడదు. వారాలు గడిచేకొద్దీ మందు, సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లలో చేరి ఎర్రటి స్ఫటికాలుగా మారుతుంది. కాలేయం, ప్లీహం ముక్కలను మైక్రోస్కోప్ కింద పెడితే కణాల లోపల అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ దశలో, వాపును పెంచే ఐఎల్-1 అనే సంకేత ప్రోటీన్ గ్రాహకాన్ని అడ్డుకునే ప్రోటీన్ పెరుగుతుంది, వాపును పెంచే మరో సంకేతం టీఎన్ఎఫ్ స్పందన తగ్గుతుంది. వాపు తగ్గించే గుణానికి ఇదొక బలమైన కారణం.

కణాలకు వెలిగే రంగులు అంటించి లేజర్‌తో లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో దెబ్బతినేదీ ఇక్కడే. కాంతి పడితే ఈ మందు తనంతట తానే వెలుగుతుంది. స్ఫటికాలైతే ముదురు ఎరుపు వెలుగును పట్టే సై5 ఛానెల్‌లోకీ వస్తాయి. ఆ ఛానెల్‌లో యాంటీబాడీ పెడితే లేని కణాలు ఉన్నట్టు లెక్క తేలుతుంది. మందు తిన్న చిట్టెలుకల నుంచే, ఏ రంగూ వేయని కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) తప్పకుండా తీసుకోవాలి. మందు లేని గుంపు కంట్రోల్ ఇందుకు పనికిరాదు. కణజాల ద్రవంతో ఎలైసా (ప్రోటీన్ మోతాదును రంగు గాఢతతో తేల్చే పరీక్ష) చేసేటప్పుడు, రంగును కొలిచే 450 నానోమీటర్ల దగ్గర కూడా ఇదే జాగ్రత్త అవసరం.

ఇంకో చిక్కు: చర్మం, కొవ్వు ఎర్రబడతాయి. ఏ గుంపుకు మందిచ్చారో చూసినవాళ్లకు తెలిసిపోతుంది. వాపును కంటితో అంచనా వేయడం మానేసి, సంఖ్యలిచ్చే కొలతనే నమ్మాలి. ఒకే జంతువుకు మందు ఆపి మరో మందు ఇచ్చే పద్ధతీ కుదరదు. మనుషుల్లో దీని అర్ధాయువు (ఒంట్లోని మందు సగానికి తగ్గే సమయం) 70 రోజుల దాకా ఉంటుంది, జంతువుల కొవ్వులోనూ అంత తేలిగ్గా వదలదు.

టీ కణాల (మరో రకం రోగనిరోధక కణాలు) మీద ప్రభావమే చూడాలనుకుంటే మాత్రం చిట్టెలుక సరైన ఎంపిక కాదు. మనిషి టీ కణాల్లో ఈ మందు అడ్డుకునే కేవీ1.3 అనే పొటాషియం ఛానెల్ (కణపు పొరలో పొటాషియం వెళ్లే దారి) మీద చిట్టెలుక టీ కణాలు అంతగా ఆధారపడవు. ఆ పనికి పెద్ద ఎలుక (ర్యాట్) నయం. మాక్రోఫేజ్‌ల అధ్యయనానికైతే, ఎనిమిది వారాల ఓపిక ఉంటే, ఈ పొడిని నిస్సందేహంగా తీసుకోవచ్చు.