ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు కాంబో ఆఫర్లతో జాగ్రత్త: డబ్బాలో వచ్చిన ఛార్జర్‌ను ప్లగ్‌లో పెట్టే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో "హై స్పీడ్ ఆర్‌సీ కారు, 4500 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, ఛార్జర్ ఫ్రీ" అని కనిపించే కాంబోలు కొనేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. లైపో అంటే లిథియం పాలిమర్ రకం బ్యాటరీ. అలాంటి ఒక బ్యాటరీ మా అక్కావాళ్ల వంటింటి గట్టు మీద ఉబ్బిపోయింది. మంట రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు, రేపు ఇంకో పేరుతో అదే సరుకు పెడతారు. సరుకును చూసి గుర్తుపట్టగలిగితే చాలు.

అక్కావాళ్లు విజయవాడలో ఉంటారు. మేనల్లుడికి పన్నెండేళ్లు. పరీక్షలయ్యాక కొనిస్తామన్న మాట ప్రకారం బావగారు ఎనిమిది వేల చిల్లర పెట్టి ఆర్డర్ చేశారు. అసలు కారులో పద్నాలుగో వంతు (1/14) సైజు, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లేది, కింద మెటల్ ఛాసిస్. కారు వరకు ధరకు తగ్గట్టే ఉంది. డబ్బాలోని కాగితంలో "మూడు గంటలు ఛార్జ్ చేయండి, ఎర్ర లైటు పచ్చబడ్డాక తీయండి" అని ఉంది. ఆయన అక్షరాలా అదే చేశారు. లైటు పచ్చబడలేదు. మూడు గంటలు కాకముందే తియ్యటి ఘాటు వాసన మొదలైంది. అక్క వెళ్లి చూసేసరికి ప్యాక్ ఉబ్బి, పైనున్న ప్లాస్టిక్ కవర్ ఒక పక్క చిరిగింది. స్విచ్ కట్టేసి నాకు ఫోన్ చేశారు. సోఫా మీదో మంచం మీదో కాకుండా గ్రానైట్ గట్టు మీద పెట్టడం బావగారి అలవాటు, అదే కాపాడింది.

నేను హైదరాబాద్ నుంచి వెళ్లాక అన్నీ విడివిడిగా చూశాను. నాకు ఆర్‌సీ కార్ల పిచ్చి పాతదే కాబట్టి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్, లైపో చెకర్ నా బ్యాగులో ఉంటాయి.

ముందు ఛార్జర్ సంగతి. వెనక సన్నటి అక్షరాల్లో "నై-ఎంహెచ్ 7.2 వోల్ట్" అని ఉంది. అంటే నికెల్ రకం (నికెల్ మెటల్ హైడ్రైడ్) బ్యాటరీల కోసం చేసిన ఛార్జర్. ఇచ్చిన బ్యాటరీ లైపో. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. లైపోలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, అక్కడితో ఆపేయాలి. 2ఎస్ ప్యాక్ అంటే రెండు సెల్స్ వరసగా కలిపినది. దాని మీద 7.4 అని రాసి ఉంటుంది, పూర్తిగా నిండితే 8.4. మంచి నై-ఎంహెచ్ ఛార్జర్ వోల్టేజీ పెరిగి పెరిగి చివర్లో కాస్త కిందికి జారే క్షణం కోసం చూస్తుంది, అప్పుడు ఆపుతుంది. లైపోలో ఆ జారుడు రాదు. కాబట్టి అది నింపుతూనే ఉంటుంది. చవక రకమైతే ఆ క్షణం కోసం చూడను కూడా చూడదు. 4.2 దాటి తోస్తే లోపలి ద్రావణం విడిపోయి గ్యాస్ పుడుతుంది, ఆ గ్యాసే ఉబ్బు. ఇంకా తోస్తే మంట. నేను కొలిచేసరికి ఒక సెల్ 4.4 దగ్గర ఉంది, రెండోది 4.2 లోపే ఉంది.

రెండు సెల్స్‌కి అంత తేడా ఎందుకొచ్చిందంటే, వాటిని బ్యాలెన్స్ చేసే, అంటే రెండింటినీ సమానంగా నింపే ఏర్పాటు లేదు. లైపో ప్యాక్ నుంచి లావు వైర్లు రెండు కాకుండా చిన్న తెల్ల ప్లగ్ ఒకటి వస్తుంది. 2ఎస్‌కి అందులో మూడు సన్న వైర్లు, 3ఎస్‌కి నాలుగు. ఛార్జర్ ఒక్కో సెల్‌ను విడిగా చూసేది దాని ద్వారానే. ఈ ప్యాక్‌కు తెల్ల ప్లగ్ ఉంది, కానీ ఛార్జర్‌లో దాన్ని గుచ్చే చోటే లేదు. మీరు కొనబోయే ముందు లిస్టింగ్ ఫొటోను పెద్దది చేసి ఇదొక్కటి చూడండి. ఛార్జర్‌కు తెల్ల ప్లగ్ పట్టే సన్న పిన్నుల సాకెట్ కనిపించకపోతే, ఆ ఛార్జర్ ఫ్రీగా ఇచ్చినా వద్దు.

తర్వాత బ్యాటరీ. పైన మెరిసే స్టిక్కర్ మీద 4500 ఎంఏహెచ్. చిరిగిన చోట లోపల ఇంకో స్టిక్కర్ అంచు కనిపించింది, దాని మీద 1500. వంటింటి త్రాసు మీద పెడితే వంద గ్రాములు కూడా తూగలేదు. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, దుకాణంలో నిలబడి కూడా వేసుకోవచ్చు. 7.4 వోల్టులను 4.5 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 33 వాట్ అవర్లు వస్తాయి. మామూలు లైపో కిలోకి సుమారు 150 వాట్ అవర్లు ఇస్తుంది, కాస్త అటూ ఇటూ. అంటే నిజమైన 4500 ప్యాక్ రెండు వందల గ్రాములకు పైగా ఉండాలి. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియని ప్యాక్ మీద ఎంత పెద్ద అంకె ఉన్నా నమ్మకండి. ఇందులో డబ్బు నష్టం ఒక్కటే కాదు. ఛార్జర్‌లో కరెంటు ఎంత పెట్టాలో ఆ అంకె చూసే నిర్ణయిస్తాం. 4500 అని నమ్మి 4.5 ఆంపియర్లు పెడితే, నిజానికి 1500 ఉన్న ప్యాక్‌ను దాని హద్దుకు మూడింతలు తోసినట్టు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే మొదట వచ్చిన సమాధానం: "ఫస్ట్ టైమ్ ఛార్జింగ్‌లో కొంచెం ఉబ్బడం నార్మల్ సార్." కాదు. కొత్త ప్యాక్ కొంచెం కూడా ఉబ్బకూడదు, చేతికి వేడిగా తగలకూడదు. రెండో సమాధానం: బ్యాటరీకి వారంటీ లేదు. మూడోది విన్నాక నాకు ఒళ్లు మండింది: "ఆ బ్యాటరీ కొరియర్‌లో వెనక్కి పంపండి, చూసి రీఫండ్ ఇస్తాం." ఉబ్బిన లిథియం బ్యాటరీని కొరియర్ కవర్‌లో పెట్టి పంపమంటున్నారు! దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషేధం. రోడ్డు మీద వెళ్లినా మూటల మధ్య నలిగితే ఎవరి పార్సిల్ తగలబడుతుందో తెలియదు. రీఫండ్ ఆశ చూపించి ఎవరైనా ఇలా అడిగితే ఒప్పుకోకండి. ఫొటోలు, వీడియో, బరువు చూపిస్తున్న ఫొటో సరిపోతాయని రాతపూర్వకంగా చెప్పండి.

ఇంకో విచిత్రం. లిస్టింగ్‌లో "6 ఏళ్లు పైబడిన పిల్లలకు" అని ఉంది. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు ఏదీ అని అడిగితే, "ఇది బొమ్మ కాదు సార్, హాబీ ప్రోడక్ట్, 14 ఏళ్లు దాటినవాళ్లకి" అన్నారు. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, కరెంటుతో నడిచేవాటికీ అంతే. అమ్మేటప్పుడు పిల్లల బొమ్మ, ప్రశ్నిస్తే పెద్దల హాబీ. ఈ రెండు నాలుకల మాటను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదులో బాగా పనికొస్తుంది. లిథియం బ్యాటరీల మీద అయితే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. ఈ ప్యాక్ మీద అలాంటిదేమీ లేదు.

బ్యాటరీ గొడవ అయ్యాక మేనల్లుడు మొహం వేలాడేశాడు. సరే, నా దగ్గరున్న మంచి ప్యాక్‌తో కారు ఒకసారి చూద్దామని కూర్చున్నాం. చక్రాలు నేలకు తగలకుండా కారును అట్టపెట్టె మీద ఎత్తిపెట్టి, ముందు రిమోట్, తర్వాత కారు ఆన్ చేశాం. ఆపేటప్పుడు దీనికి తిరగేసి, ముందు కారు, చివరికి రిమోట్. వేగం పెంచే త్రాటిల్‌ను సగం నొక్కి పట్టుకుని వాణ్ణి రిమోట్ ఆఫ్ చేయమన్నాను. చక్రాలు ఆగలేదు. అదే వేగంతో తిరుగుతూనే ఉన్నాయి. సిగ్నల్ పోయినప్పుడు కారు తనంతట తాను ఆగిపోవాలి, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. ఇందులో చివరగా అందిన ఆజ్ఞనే పట్టుకుని పోతోంది. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయినా, కారు రేంజ్ దాటినా దాన్ని ఆపేది గోడో, మనిషి కాలో.

లిస్టింగ్‌లో గంటకు 60 కిలోమీటర్లు అన్నారు. అంత పోదనే నా అంచనా, 40 అనుకుందాం. ఆ వేగంతో తగిలితే కారు రెండో అంతస్తు బాల్కనీ నుంచి మీద పడినట్టే. ఇది ఊరికే అన్న మాట కాదు, వేగాన్ని ఎత్తులోకి మారిస్తే సుమారు ఆరు మీటర్లు వస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ కార్లు తిప్పే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. అక్కడే వాచ్‌మన్ పిల్లలు ఆడుకుంటారు, అక్కడే ముసలివాళ్లు నడుస్తారు. స్తంభాల చాటున సిగ్నల్ కూడా బలహీనపడుతుంది. కాబట్టి ఏ కారు కొన్నా, ఎంత పేరున్న కంపెనీదైనా, మొదటి రోజు ఈ అట్టపెట్టె పరీక్ష చేయండి. ఆగకపోతే కారులో సిగ్నల్ అందుకునే రిసీవర్ మీద ఫెయిల్‌సేఫ్ సెట్ చేసే బటన్ ఉందేమో చూడండి. దీనికి ఆ బటనే లేదు. రిసీవర్, రిమోట్ మార్చేదాకా దాన్ని నేల మీద పెట్టవద్దని చెప్పి వచ్చాను.

ఇంకొకటి కూడా ఆ రోజే బయటపడింది. మోటారుకు కరెంటు పంపే ఈఎస్‌సీలో లైపో, నై-ఎంహెచ్ అని రెండు సెట్టింగులుంటాయి. ఇది నై-ఎంహెచ్‌లో పెట్టి వచ్చింది. అంటే బ్యాటరీ అడుగంటుతున్నా కారు ఆగదు. లైపో సెల్‌ను 3 వోల్టుల కిందికి దించితే లోపల పాడవుతుంది, తర్వాత ఛార్జ్ పెట్టినప్పుడు ప్రమాదం. 3.3, 3.4 దగ్గరే ఆట ఆపేయడం మేలు. ఆ తెల్ల బ్యాలెన్స్ ప్లగ్‌కు తగిలించే చిన్న బజర్ వందల్లోనే దొరుకుతుంది, సెల్ దిగిపోగానే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. కొనుక్కోండి.

ఛార్జింగ్ విషయంలో నేను మా వాళ్లకు గట్టిగా చెప్పినవి ఇవి. మనిషి లేకుండా ఛార్జింగ్ వద్దు, రాత్రి పెట్టి పడుకోవడం అసలే వద్దు. గచ్చు మీద, కర్టెన్లకూ గ్యాస్ సిలిండర్‌కూ దూరంగా పెట్టాలి. ఆడి వచ్చిన వెంటనే వేడి ప్యాక్‌ను ఛార్జ్ చేయకూడదు, చల్లారనివ్వాలి. కొన్నాళ్లు వాడకపోతే నిండుగా దాచకుండా సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మంచి ఛార్జర్లలో దీనికి స్టోరేజ్ అని వేరే మోడ్ ఉంటుంది. ఇక బెజవాడ ఎండలో స్కూటీ డిక్కీలో బ్యాటరీ వదిలేయడం గురించి నేను చెప్పక్కర్లేదు, ఒకసారి డిక్కీలో చెయ్యి పెట్టి చూస్తే చాలు.

పొగ వస్తే చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తకండి. కరెంటు కట్టేసి, అందరినీ గదిలోంచి పంపేయండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి, పీల్చకూడదు. పక్కన ఇసుక బకెట్ ఉంచుకోవడం ఖర్చు లేని పని. మంట పక్కకు పాకితే 101కి ఫోన్ చేయండి.

ఉబ్బిన ప్యాక్‌ను గుచ్చి గ్యాస్ తీసేయమని సలహా ఇచ్చే మహానుభావులు ఉన్నారు. గుచ్చితే అక్కడే అంటుకుంటుంది. మా వాళ్ల ప్యాక్‌ను వైర్ల కొనలకు విడివిడిగా టేపు చుట్టి, ఇసుక పోసిన బకెట్‌లో పెట్టి, మేడ మీద నీడలో ఉంచాం. తర్వాత బావగారు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు, ఇది లిథియం అని చెప్పి మరీ అప్పగించారు. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయకండి, అందులో నలిగితే బండి తగలబడుతుంది.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో బ్యాటరీ తెప్పించుకుందామనుకునేవాళ్లకు: విడి లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే రావాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 2ఎస్ 5000 ప్యాక్ 37 వాట్ అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు. వాళ్లకు ముందే చెప్పి, కొనలు కప్పి తెమ్మనండి.

డబ్బు సంగతికొస్తే, అమ్మినవాళ్లు చేతులెత్తేశాక ఆ సైటు ఫిర్యాదుల అధికారికి రాశాం. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపు తేల్చాలి. అందిందన్నారు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బరువు ఫొటో, రెండు స్టిక్కర్ల ఫొటో, ఆ "బొమ్మ కాదు" చాట్ పెట్టాక కదిలారు. బ్యాటరీ వెనక్కి అడగకుండానే బ్యాటరీ, ఛార్జర్ డబ్బు ఇచ్చారు. రిసీవర్ లోపం మాత్రం ఒప్పుకోలేదు, దాని మీద ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఆ లిస్టింగ్ తీసేయలేదు. మొన్న చూస్తే కారు రంగు మారింది, బ్యాటరీ మీద అంకె 5200 అయింది, ధర మూడు వందలు తగ్గింది. ఛార్జర్ ఫొటో పెద్దది చేసి చూశాను, సాకెట్ లేదు.