క్రోనీ: ఏళ్ల వాడుక తర్వాత

కరెంటూ నెట్టూ తరచూ పోయే చోట లినక్స్ మెషీన్ల టైమ్ చూసుకోవడానికి క్రోనీ (chrony) అనే ప్రోగ్రామ్‌ను మించింది నేను వాడలేదు. ఇది టైమ్ సరిదిద్ది ఊరుకోదు. బోర్డు మీద గడియారాన్ని నడిపే క్రిస్టల్ ఎంత ముందుకో వెనక్కో జరుగుతోందో లెక్కగట్టి డ్రిఫ్ట్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉంటే రోజుకు 1.7 సెకన్లు పోతాయి. నెట్ లేనప్పుడు కూడా ఆ లెక్క ప్రకారం దిద్దుతూనే ఉంటుంది.

డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ (apt) కమాండ్‌తో ఎక్కిస్తే, టైమ్ చూసే పాత ప్రోగ్రామ్ టైమ్‌సింక్‌డీ దానంతటదే తప్పుకుంటుంది. ఆపైన టెర్మినల్‌లో 'క్రోనీసీ సోర్సెస్' (chronyc sources) కొట్టి చూడండి, టైమ్ ఇచ్చే సర్వర్ల జాబితా వస్తుంది. నక్షత్రం గుర్తున్నది ఎంచుకున్న సర్వర్, 'ఎక్స్' ఉన్నది తప్పు టైమ్ చెబుతోందని పక్కన పెట్టినది. అందులో రీచ్ అనే గడిలో 377 ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు (అది ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా రాసే అంకె). సున్నా దగ్గరే ఉండిపోతే ముందు ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. సర్వర్లు నాలుగు పెట్టండి. రెండే ఉండి మాట కలవకపోతే ఎవరిది తప్పో తేలదు. మన దేశంలో ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ), ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) సర్వర్లున్నాయి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో టైమ్ కోసం పేర్కొన్నవీ ఇవే. గూగుల్ టైమ్ సర్వర్లను మాత్రం వీటితో కలపొద్దు, లీప్ సెకనును (ప్రపంచ గడియారాలకు అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) అవి రోజంతా పరిచి సర్దుతాయి.

అసలు చిక్కు క్రోనీ సెట్టింగుల ఫైల్లోని 'మేక్‌స్టెప్ 1 3' (makestep 1 3) అనే లైను దగ్గర. తేడా సెకను దాటితే ఒక్కసారిగా సరిచేయడం మొదటి మూడు అప్‌డేట్లకే. వర్చువల్ మెషీన్‌ను (ఒక కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) గంటసేపు పాజ్‌లో పెట్టి లేపితే ఆ గంటను మెల్లగా పూడుస్తుంది: గరిష్ఠ వేగం 83,333 పీపీఎం కాబట్టి కనీసం 12 గంటలు. ఈలోగా ముప్ఫై సెకన్ల ఓటీపీలన్నీ ఫెయిలే. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) 'క్రోనీసీ మేక్‌స్టెప్' కొడితే వెంటనే సర్దుకుంటుంది. ఆ లైనులో మూడు బదులు మైనస్ 1 పెడితే ఎప్పుడైనా దూకుతుంది, కానీ డేటాబేస్ ఉన్న మెషీన్‌లో ఆ పని చేయకండి. టైమ్ వెనక్కి దూకితే రికార్డుల వరస తప్పుతుంది.

ఒకే మెషీన్‌లో విండోస్‌తో డ్యూయల్ బూట్ ఉంటే విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. తప్పు క్రోనీది కాదు. హార్డ్‌వేర్ గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' 1 చేస్తే పోతుంది. షట్‌డౌన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మాత్రం సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకుండా మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చండి.